డొరాడ్ నమూనా పని డైరీ: 1:20 కొలతలో 1933 నాటి రూపం

1930లో న్యూయార్క్‌లోని సిటీ ఐలాండ్‌లో నీట దిగిన డొరాడ్ అనే చెక్క యాట్‌కు (తెరచాప పడవకు) 1:20 కొలతలో నమూనా చేస్తున్నాను. ఇదే పని మొదలుపెట్టేవారికి నా కొలతలు పనికిరావాలని, నేను చేసిన తప్పులు వారు మళ్లీ చేయకూడదని ఈ డైరీ రాస్తున్నాను. పని విశాఖపట్నంలో, సముద్రపు గాలి తగిలే ఒక చిన్న గదిలో సాగుతోంది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం మూడో దశలో తెలుస్తుంది. ప్రతి దశ చివర గంటలు, ఖర్చు, వృథా అయిన గంటలు మొత్తంగా ఇస్తున్నాను.

మొదటి దశ: ఏ సంవత్సరపు పడవ?

చెక్క కొనకముందు తేల్చుకోవలసింది సంవత్సరం. నేను అది తేల్చుకోకుండానే నా దగ్గరున్న ఫొటోలన్నీ గోడకు అంటించి, వాటన్నిటినీ చూస్తూ డెక్ (పడవ పైతలం) బొమ్మ గీసుకున్నాను. తొమ్మిది గంటల పని అయిన తర్వాత చూస్తే ముందు భాగం 1930ల నాటి నలుపు తెలుపు ఫొటో ప్రకారం, మధ్య భాగం ఇటలీలో బాగుచేయించిన తర్వాతి ఫొటో ప్రకారం, తాళ్లు బిగించే వించులు 2010 తర్వాతి ఫొటో ప్రకారం వచ్చాయి. అలాంటి పడవ ఏ రోజునా నీటిమీద లేదు. ఆ బొమ్మ చించి, ఫొటోలను యజమానుల వారీగా కవర్లలో వేశాను. ఎనభై ఏళ్లకు పైగా చేతులు మారిన పడవకు నమ్మదగిన క్రమం అదొక్కటే.

మొదటి కవరు స్టీఫెన్స్ కుటుంబానిది. బొగ్గు వ్యాపారం అమ్మేసిన తండ్రి రోడెరిక్ స్టీఫెన్స్ సుమారు 28,000 డాలర్లు పెట్టుబడి పెట్టాడు. పెద్ద కొడుకు ఓలిన్ 1929లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో నక్షా గీశాడు. అదే ఏడు ఓలిన్ భాగస్వామిగా స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ సంస్థ మొదలైంది; ఆ సంస్థ నక్షాల్లో డొరాడ్‌ది ఏడో అంకె. మిన్నిఫోర్డ్ యార్డ్‌లో ఆవిరితో వంచిన, పక్కటెముకల్లాంటి ఓక్ ఫ్రేముల మీద మహాగని పలకలు పరిచి దీన్ని కట్టారు. తాళ్లు, డెక్ సామాను చిన్న కొడుకు రాడ్ చూసుకున్నాడు. 1931 జూలైలో న్యూపోర్ట్ నుంచి ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌కు అట్లాంటిక్ దాటే పందెంలో పది పడవలు బయల్దేరితే డొరాడ్ 17 రోజుల ఒక గంటలో అన్నిటికంటే ముందు చేరింది. తర్వాతి పడవ రావడానికి ఇంకా రెండు రోజులు పట్టింది. నడిపిన ఓలిన్‌కు అప్పటికి 23 ఏళ్లు. ఆ వేసవిలోనే, ఇంగ్లండ్ నుంచి ఐర్లండ్ దగ్గరి ఫాస్ట్‌నెట్ రాతిని చుట్టి వచ్చే ఫాస్ట్‌నెట్ పందెం కూడా గెలిచి తిరిగి వచ్చినవారిని న్యూయార్క్ వీధుల్లో కాగితపు చినుకుల మధ్య ఊరేగించారు. తర్వాత పడవ రాడ్ చేతికి వచ్చింది. 1933లో అతను దీన్ని నార్వే దాకా నడిపి, దారిలో మళ్లీ ఫాస్ట్‌నెట్ గెలిచి, అట్లాంటిక్ దాటి వెనక్కి తెచ్చాడు. ఆ ప్రయాణానికి క్రూయిజింగ్ క్లబ్ ఆఫ్ అమెరికా బ్లూ వాటర్ పతకం ఇచ్చింది.

రెండో కవరు శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన జేమ్స్ ఫ్లడ్‌ది. ఆయన చేతిలో డొరాడ్ పసిఫిక్ తీరం చేరి, కాలిఫోర్నియా నుంచి హోనలూలు వరకు సాగే ట్రాన్స్‌పాక్ పందేన్ని 1936లో గెలిచింది. మూడో కవరు నాకు అన్నిటికంటే పలచగా దొరికింది కానీ కాలంలో అదే పొడవైనది: 1940ల నుంచి దశాబ్దాల పాటు సియాటిల్‌కు చెందిన ఫ్రాంక్లిన్ ఎడ్డీ దగ్గర ప్యూజెట్ సౌండ్ నీళ్లలో ఉంది. పేరున్న పందేలు గెలిచినవారి ఫొటోలే మిగిలి, పడవను ఇన్నేళ్లు కుళ్లిపోకుండా చూసుకున్న మనిషివి అంతగా మిగలకపోవడం నాకు బాధగా అనిపించింది. 1990ల చివర ఇటలీకి చెందిన జ్యుసెప్పె గజ్జోని కొని, పోర్టో శాంటో స్టెఫానోలోని అర్జెంటారియో యార్డ్‌లో పెద్ద ఎత్తున బాగుచేయించాడు. ఆ తర్వాత ఎడ్గర్ కేటో దీన్ని తిరిగి న్యూపోర్ట్ తెచ్చాడు. 2010లో మాట్ బ్రూక్స్, పామ్ రార్క్ లెవీ దంపతులు కొన్నారు. పాత పడవను ఎండలో మెరిపించి నిలబెట్టకుండా మళ్లీ సముద్రం మీదికి పంపాలన్నది వారి పట్టుదల. 2013లో అదే ట్రాన్స్‌పాక్‌ను, మొదటి గెలుపుకు 77 ఏళ్ల తర్వాత, డొరాడ్ మళ్లీ గెలిచింది.

నేను 1933 ఎంచుకున్నాను. కట్టినవారి చేతిలోనే ఉన్న కాలమది. పైగా రాడ్ చేసిన గాలి పెట్టె నాకు డెక్ మీద ఉండాలి. దాని సంగతి ఐదో దశలో రాస్తాను.

ఇప్పటివరకు: 31 గంటలు, 1,140 రూపాయలు. వృథా 9 గంటలు.

రెండో దశ: నక్షా, ఫ్రేములు

అసలు పడవ పొడవు 52 అడుగులు, నీటిగీత దగ్గర 37 అడుగుల 3 అంగుళాలు, వెడల్పు 10 అడుగుల 3 అంగుళాలు, నీటిలో లోతు 7 అడుగుల 7 అంగుళాలు. 1:20లో ఇవి వరుసగా 792.5, 567.7, 156.2, 115.6 మిల్లీమీటర్లు అవుతాయి. ఈ నాలుగు అంకెలను బల్ల మీద పెద్ద అక్షరాలతో అంటించుకోవడం మంచిది. నేను అంటించుకోలేదు.

నక్షాను పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, ఫ్రేములు కోయడం మొదలుపెట్టాను. 21 ఫ్రేముల్లో 8 కోసిన తర్వాత మధ్య ఫ్రేమును వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే 151.5 వచ్చింది. కాగితం మీది నీటిగీత 550.7. ప్రింటు తీసేటప్పుడు బొమ్మను కాగితానికి సరిపోయేలా 3 శాతం కుదించారు. అసలు సైజులోనే తీయమని నేను చెప్పనూ లేదు, చేతికి ఇచ్చాక కొలవనూ లేదు. వెడల్పు ఒక్కటే తగ్గి ఉంటే కంటికి తెలిసేది. అన్ని వైపులా సమానంగా తగ్గడం వల్ల బొమ్మ సరిగ్గానే కనిపించింది. ఎనిమిది ఫ్రేములూ పక్కన పెట్టాను.

రెండోసారి ఈ క్రమంలో చేశాను:

1. నక్షా పక్కన 500 మిల్లీమీటర్ల గీత ఒకటి గీయించి, ప్రింటు వచ్చాక ముందు ఆ గీతను స్టీలు స్కేలుతో కొలవాలి.
2. 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద ఫ్రేము సగం బొమ్మ అంటించి, మడిచి, రెండో సగం దాని నుంచే తీయాలి. రెండు పక్కలూ విడిగా గీస్తే సరిపోవు.
3. గీతకు అర మిల్లీమీటరు బయట కోసి, మిగిలినది ఆకురాయితో తీయాలి.
4. అడుగు దూలం మీద ఫ్రేములు నిలిపాక ముందు కొన నుంచి వెనక కొన వరకు దారం లాగి, ప్రతి ఫ్రేము నడిగీత దాని కిందే ఉందో లేదో చూడాలి.

నాలుగో పనిలో 14వ ఫ్రేము 1.2 మిల్లీమీటర్లు కుడివైపు జరిగి ఉందని తెలిసింది. జిగురు ఆరిపోయినా సరే, ఊడదీసి మళ్లీ పెట్టాను. పలకలు వేసిన తర్వాత అలాంటి తప్పును సరిదిద్దే దారి లేదు.

ఇప్పటివరకు: 69 గంటలు, 3,500 రూపాయలు. వృథా 15 గంటలు.

మూడో దశ: పలకలు

ఎక్కువ సమయం, ఎక్కువ చెక్క, ఎక్కువ ఓపిక ఇక్కడే పోయాయి. మొదట టేకు వాడాను. పడవ అంటే టేకు అన్న అలవాటే కారణం. 1.5 మిల్లీమీటర్ల మందం, 5 మిల్లీమీటర్ల వెడల్పు గల పట్టీలు చీల్చి, పక్కకు 11 చొప్పున 22 వేశాను. డొరాడ్ వెనక భాగం సన్నగా, పైకి లేస్తూ మలుపు తిరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి వాటిలో ఏడు పట్టీలు పోగు వెంట చీలాయి. చీలినచోట జిగురు నింపి ముందుకు వెళ్లాను, అది రెండో తప్పు. వారం తర్వాత ఆ చీలికలు ఇంకా పొడవుగా సాగాయి.

మా వీధి చివర పనిచేసే పెద్ద వడ్రంగి ఒక ముక్క తీసుకుని వేళ్ల మధ్య వంచి చూసి, "టేకు పోగు ముతకండి బాబూ. ఇంత సన్నానికి చీరితే నిలవదు. బొమ్మలు చేసే అంకుడు కర్ర తెచ్చుకోండి" అన్నారు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే కర్ర అది. తెల్లగా, మెత్తగా, పోగు దాదాపు కనిపించకుండా ఉంటుంది. ఆయన మాట మీద వెంటనే చెక్క మార్చలేదు, రెండింటినీ పరీక్షించాను. 1.5 మిల్లీమీటర్ల పొడి టేకు పట్టీ 110 మిల్లీమీటర్ల వ్యాసం గల డబ్బా చుట్టూ వంచితే విరిగింది. వేడినీళ్లలో 20 నిమిషాలు నానిన టేకు పట్టీ అదే డబ్బా మీద వంగింది కానీ అంచులు లేచాయి. అంతే సేపు నానిన అంకుడు పట్టీ 60 మిల్లీమీటర్ల సీసా చుట్టూ శుభ్రంగా వంగి, ఆరాక ఆ ఆకారంలోనే ఉండిపోయింది. అసలు పడవ మహాగని అయినా, నమూనాకు పైన రంగు పడుతుంది కనుక లోపల ఏ కర్ర అన్నదానికంటే ఎలా వంగుతుంది అన్నదే ముఖ్యం. 22 టేకు పట్టీలనూ ఉలితో తీసేశాను.

అంకుడుతో పక్కకు 33 పట్టీలు పట్టాయి. క్రమం ఇది:

1. పట్టీకి రెండు కొనలా చిత్రిక పట్టి, 5 నుంచి 3 మిల్లీమీటర్లకు సన్నం చేయాలి.
2. 20 నిమిషాలు నానబెట్టి, ఫ్రేముల మీద జిగురు లేకుండా వంచి, బట్టలకు పెట్టే క్లిప్పులతో రాత్రంతా ఉంచాలి.
3. పూర్తిగా ఆరాకే జిగురు పెట్టాలి. తడి పట్టీకి జిగురు పెడితే ఆరేటప్పుడు కుంచించుకుని సందు వస్తుంది.
4. కుడివైపు ఒకటి వేస్తే ఎడమవైపు ఒకటి వేయాలి.

నాలుగో నియమాన్ని ఒక సాయంత్రం పాటించలేదు. కుడివైపు వరుసగా నాలుగు పట్టీలు వేశాను. పొద్దున చూస్తే వెనక కొన మధ్యదారం నుంచి 3 మిల్లీమీటర్లు తిరిగి ఉంది. ఎడమవైపు నాలుగు వేశాక 2 మిల్లీమీటర్లు వెనక్కి వచ్చింది. మిగిలిన ఒక మిల్లీమీటరు అలాగే ఉండిపోయింది. చూసేవారికి కనిపించదు, నాకు మాత్రం కనిపిస్తూనే ఉంటుంది.

ఇక తేమ. వానలు పట్టిన వారంలో పట్టీల వెడల్పు కొలిస్తే 5.00 ఉన్నది 5.08 అయింది. ఒక్క పట్టీకి అది లెక్కలోది కాదు. 33 పట్టీలకు 2.6 మిల్లీమీటర్లు. ఆ 2.6 మిల్లీమీటర్లకు చోటు లేక కుడిపక్క నీటిగీత దగ్గర మూడు పట్టీలు ఉబ్బి పైకి లేచాయి. నిజమైన చెక్క పడవలో ఈ ఉబ్బే గుణాన్నే వాడుకుంటారు. నీట దిగాక పలకలు ఉబ్బి ఒకదానినొకటి బిగించుకుంటాయి. నమూనాలో అది శత్రువు. మూడు పట్టీలు తీసి, కొత్తవాటిని వారం పాటు ఆ గదిలోనే ఉంచి వేశాను. పొట్టు (పడవ బయటి ఒళ్లు) పూర్తయిన రోజునే లోపల రెండు పూతలు లక్క వార్నిష్ వేశాను. తర్వాతి వానకు కొలిస్తే తేడా వెర్నియర్‌కు అందలేదు.

ఇప్పటివరకు: 193 గంటలు, 5,650 రూపాయలు. వృథా 61 గంటలు.

నాలుగో దశ: సీసం, నీటిగీత

డొరాడ్‌కు బరువు బయట, అడుగున సీసపు దిమ్మగా ఉంటుంది. నేను సీసం కరిగించి ఇసుక అచ్చులో పోశాను. అచ్చులో కొంచెం తడి మిగిలిపోయింది. సీసం చిమ్మి ఒక బొట్టు చొక్కా చేతి మీద పడి గుడ్డ కాలింది. కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండబట్టి నాకేమీ కాలేదు. ఆ పద్ధతి అక్కడితో ఆపేశాను. వలలకు కట్టే సీసపు గుళ్లు రేవు దగ్గర కిలో లెక్కన అమ్ముతారు. వాటిని సుత్తితో నలగగొట్టి, ఎపాక్సీతో కలిపి, చెక్క అచ్చులో కూరాను. పోత దిమ్మకంటే ఇది కొంత ఎక్కువ చోటు తీసుకుంటుంది కానీ ప్రమాదం లేదు.

టబ్బులో తేల్చి, నీరు సరిగ్గా 567.7 గుర్తుల దగ్గర నిలిచేదాకా సీసం కలిపాను. పొట్టు 870 గ్రాములు, సీసం 1,230 గ్రాములు, మొత్తం 2,100 గ్రాములు. 20ని మూడుసార్లు గుణిస్తే 8,000. ఆ లెక్కన మంచినీటిలో 16.8 టన్నులు, ఉప్పునీటికి రెండున్నర శాతం కలిపితే 17.2 టన్నులు. నమూనా పొట్టు ఆకారం సరిగా వచ్చిందో లేదో చూడడానికి ఈ లెక్క కట్టాలి. అంకె పదికో పాతికకో వచ్చి ఉంటే ఫ్రేముల్లో తప్పుందని అర్థం.

తేలుతున్నప్పుడు వేలితో తోస్తే నమూనా చాలాసేపు అటూ ఇటూ ఊగింది. అసలు పడవకూ ఆ పేరుంది. గాలి వెనక నుంచి తోసేటప్పుడు డొరాడ్ లయగా దొర్లుతుంది. వెడల్పు చాలలేదని ఓలిన్ తానే ఒప్పుకున్నాడు. అతను గీయగా 1934లో నీట దిగిన స్టార్మీ వెదర్ అనే పడవ వెడల్పు 12 అడుగుల 6 అంగుళాలు. నా కొలతలో 190.5 మిల్లీమీటర్లు. అంత పొడవు కాగితపు పట్టీ కోసి నమూనా నడుము మీద అడ్డంగా పెట్టి చూశాను. రెండు పక్కలా 17 మిల్లీమీటర్ల చొప్పున బయటికి వచ్చింది. నాలుగేళ్ల సముద్రం ఒక యువకుడికి నేర్పిన పాఠం ఆ 17 మిల్లీమీటర్లలో ఉంది. పట్టీని దాచుకున్నాను.

ఇప్పటివరకు: 215 గంటలు, 6,630 రూపాయలు. వృథా 66 గంటలు.

ఐదో దశ: గాలి పెట్టె

పడవ లోపలికి గాలి కావాలి, నీరు రాకూడదు. డెక్ మీద వంపు తిరిగిన నోరున్న గొట్టాన్ని నేరుగా కిందికి దింపితే, కెరటం పైకెక్కినప్పుడు గాలితో పాటు నీరూ పడుకునేవారి మీద పడుతుంది. రాడ్ చేసింది ఇది: గొట్టానికి కింద ఒక పెట్టె పెట్టి, పై గొట్టం ఒక కొనలోనూ గదిలోకి దిగే గొట్టం ఇంకో కొనలోనూ ఉంచి, దిగే గొట్టపు అంచును పెట్టె నేల కంటే ఎత్తుగా లేపి, నేల మూలల్లో నీరు పోయే రంధ్రాలు పెట్టాడు. నేడు ఏ దేశపు పడవ మీద ఉన్నా దాన్ని డొరాడ్ పెట్టె అంటారు. ఇంతమంది యజమానులు మారినా పడవ పేరును ఊరూరా నిలిపింది ఈ చిన్న పెట్టె.

1:20లో ఇది పనిచేయదు, ఎందుకంటే అంత చిన్న రంధ్రాల్లో నీటి బొట్టు దిగకుండా అతుక్కుపోతుంది. అందుకే అర్థం చేసుకోవడానికి విడిగా 300 మిల్లీమీటర్ల పొడవు, 150 వెడల్పు, 100 ఎత్తుతో ప్లైవుడ్ పెట్టె చేసి, పై గొట్టంలోకి అర లీటరు నీరు ఒక్కసారిగా పోసి, కింద గ్లాసులో ఎంత పడిందో కొలిచాను.

1. లోపలి గొట్టం ఎత్తు 20 మిల్లీమీటర్లు, 5 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు: గదిలోకి 140 మిల్లీలీటర్లు.
2. గొట్టం ఎత్తు 60కి పెంచి, రంధ్రాలు మార్చకుండా: 35 మిల్లీలీటర్లు. వెంటనే రెండోసారి పోస్తే 90.
3. గొట్టం 60, రంధ్రాలు 12 మిల్లీమీటర్లకు పెంచి: 4 మిల్లీలీటర్లు. రెండోసారీ 4.

గొట్టం ఎత్తే కిటుకు అనుకున్నాను. రెండో పరీక్ష నా అభిప్రాయం మార్చింది. మొదటి కెరటపు నీరు పోకముందే రెండోది వస్తే ఎత్తైన గొట్టంలోకి కూడా నీరు చిమ్ముతుంది. రంధ్రాలు పెద్దవి కాకపోతే మిగతాదంతా ఉన్నా ఫలితం లేదు. చివరగా పై గొట్టం నోటి దగ్గర అగరుబత్తి వెలిగించి, చిన్న ఫ్యాను ఎదురుగా పెట్టాను. పొగ పెట్టెలో ఒకసారి సుడి తిరిగి, కింది గొట్టం నుంచి సన్నని తాడులా దిగింది.

నమూనాకు రెండు పెట్టెలు అంకుడుతోనే చేశాను. వంపు నోళ్లకు ఇత్తడి రేకు కొట్టి తిప్పితే నాలుగు చినిగాయి. రేకును ముందు ఎర్రగా కాల్చి చల్లార్చి మెత్తబరిచాక ఐదోది, ఆరోది నిలిచాయి.

ఇప్పటివరకు: 242 గంటలు, 7,270 రూపాయలు. వృథా 70 గంటలు.

ఆరో దశ: కొయ్యలు, తెరచాపలు

డొరాడ్ యాల్ తరహా పడవ. నడుమ తెరచాప నిలిపే పెద్ద కొయ్య, వెనక, చుక్కాని ఇరుసుకు కూడా ఆవల, చిన్న కొయ్య. అసలువి స్ప్రూస్ కర్రతో లోపల బోలుగా అతికినవి. నేను ఒకే ముక్కను చిత్రిక పట్టి పెద్ద కొయ్య చేస్తే పది రోజుల్లో 4 మిల్లీమీటర్లు వంగింది. రెండోసారి ముక్కను నిలువునా చీల్చి, ఒక సగాన్ని తలకిందులు చేసి మళ్లీ అతికాను. ఒక సగం వంగబోయిన వైపును రెండోది ఆపుతుంది. ఆరు వారాలైంది, అర మిల్లీమీటరు కూడా కదలలేదు.

తెరచాపలకు మొదట తెల్లని పాలిస్టర్ గుడ్డ కొన్నాను. 1933లో తెరచాపలు నూలువి. పాలిస్టర్ గుడ్డ ఇంకా పుట్టలేదు. మొదటి దశలో నేర్చుకున్న తప్పే మళ్లీ చేశానని గుర్తించి దాన్ని వదిలేశాను. మామూలు పాప్లిన్ మందం 0.28 మిల్లీమీటర్లు, 20తో గుణిస్తే 5.6 మిల్లీమీటర్ల గుడ్డ, అంటే గోనె కంటే మందం. పొందూరు సన్న ఖద్దరు 0.14 వచ్చింది. అదీ కొలతకు ఎక్కువే, కానీ మడత పడే తీరు నిజమైన తెరచాపకు దగ్గరగా ఉంది. గుడ్డ పట్టాల అతుకులను మిషను కుట్టుతో వేస్తే గుడ్డంతా ముడతలు పడింది. కుట్టు విప్పి, గట్టి పెన్సిల్‌తో సన్నని గీతలు గీశాను. పలచని టీ డికాక్షన్‌లో పది నిమిషాలు ముంచితే పాత నూలు రంగు వచ్చింది. ఇరవై నిమిషాలు ముంచిన మొదటి ముక్క మరీ ముదిరిపోయింది.

ఇప్పటివరకు: 300 గంటలు, 9,750 రూపాయలు. వృథా 83 గంటలు.

మిగిలినవి: వెనక కొయ్య అడుగు దూలం 2 మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చింది, మళ్లీ చేయాలి. రంగు వానలు వెళ్లాకే వేస్తాను. కవర్లలోని ఫొటోల వెనక సంవత్సరం, యజమాని పేరు పెన్సిల్‌తో రాయడం ఫ్లడ్ కాలం దాకా అయింది. ఎడ్డీ కవరు రేపు తీస్తాను.